జయలలితను ముఖ్యమంత్రిని చేసింది సినిమానేనా?

ప్రశ్న: "మేం హోసూరు తెలుగువాళ్లం. జయలలిత హీరోయిన్ కాకపోయి ఉంటే ముఖ్యమంత్రి అయ్యేవారా? ఎమ్జీఆర్ పేరు చెప్పుకునే అంత ఎత్తుకు వెళ్లారా? అన్ని కేసులున్నా చనిపోయినప్పుడు జనం అంతలా ఎందుకు ఏడ్చారు? మా నాన్న గవర్నమెంట్ స్కూల్ టీచరుగా రిటైరయ్యారు, ఆమె పేరెత్తితే మండిపడతారు. మా అమ్మమ్మేమో ఆమె ఫొటోకి దండ వేసి పెట్టుకుంది. ఈ ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలో నాకు తెలియడం లేదు."

జవాబు:

మీ నాన్నగారు ప్రభుత్వ టీచరని రాశారు కాబట్టి ఆయన కోపం ఎక్కడ మొదలైందో నాకు తెలిసినట్టే ఉంది. 2003 జూలైలో. అక్కడికి తర్వాత వస్తాను. నేను 1988లో ఉద్యోగం కోసం మద్రాసు వచ్చాను. ఒక తెలుగు పత్రికకు అక్కడి నుంచి పాతికేళ్లకు పైగా వార్తలు రాశాను. జయలలిత ఓడినప్పుడూ గెలిచినప్పుడూ జైలుకు వెళ్లినప్పుడూ ఆ ఊళ్లోనే ఉన్నాను. మీ మూడు ప్రశ్నలకూ నాకు తెలిసినంత వరకు రాస్తాను, కాస్త పొడుగవుతుంది.

మొదటి ప్రశ్నకు నా జవాబు ముందే చెప్పేస్తాను. సినిమా ఆమెకు గుమ్మం దాకా దారి చూపించింది. ఆ గుమ్మంలో నుంచి ఆమెను బయటికి గెంటేశారు. తిరిగి లోపలికి వచ్చింది ఆమె సొంత బలంతో. అలా గెంటివేతకు గురైన మనిషి కాబట్టే, కుర్చీ ఎక్కాక ఎవరినీ పక్కన నిలబడనివ్వలేదు. ఆమె చేసిన మంచికీ చెడుకూ మూలం అదే అని నా నమ్మకం.

సినిమా ఒక్కటే సరిపోతుందా అంటే మన తెలుగు హీరోయిన్లనే చూడండి. జమున గారు 1989లో రాజమండ్రి నుంచి కాంగ్రెస్ ఎంపీగా గెలిచారు. శారద గారు 1996లో తెనాలి నుంచి తెలుగుదేశం ఎంపీ అయ్యారు. జయప్రద ఉత్తరప్రదేశ్‌లోని రాంపూర్‌లో రెండుసార్లు, విజయశాంతి 2009లో మెదక్‌లో గెలిచారు. మద్రాసులోనే వైజయంతిమాల 1984లోనూ 1989లోనూ ఎంపీ. వీళ్లెవరూ జయలలిత కంటే చిన్న తారలు కారు. కొందరు నటనలో ఆమె కంటే చాలా పెద్దవాళ్లు. కానీ ఒక పార్టీ మొత్తం తన గుప్పిట్లో పెట్టుకుని, ఒక రాష్ట్రాన్ని అన్నిసార్లు పాలించింది ఆమె ఒక్కరే. కాబట్టి ఆమెలో ఇంకేదో ఉండాలి.

ఇంకో పోలిక మన వాళ్లకు సులువుగా అర్థమవుతుంది. 1982 మార్చి 29న ఎన్టీఆర్ తెలుగుదేశం ప్రకటించారు. అదే ఏడాది జూన్‌లో జయలలిత, అప్పటి ముఖ్యమంత్రి ఎమ్జీఆర్ పెట్టిన అన్నాడీఎంకేలో చేరారు. ఇద్దరూ కలిసి నటించినవాళ్లే. గోపాలుడు భూపాలుడు, కథానాయకుడు, శ్రీకృష్ణసత్య లాంటివి మీ అమ్మమ్మకు గుర్తుండే ఉంటాయి. కానీ ఎన్టీఆర్ వచ్చింది సొంత పార్టీతో, తెర మీద రాముడు, కృష్ణుడు అన్న పేరుతో. ఆమెకు అవేమీ లేవు. హీరోకి వచ్చే పూజ హీరోయిన్‌కి రాదు. ఎమ్జీఆర్ తెర మీద బీదవాళ్ల కోసం కొట్లాడేవాడు, ఆమె ఆయన పక్కన పాట పాడేది. ఆ పాటను చూపించి ఓటు అడగడం కుదరదు.

ఆమె పుట్టుక కూడా ఆ పార్టీకి నప్పేది కాదు. 1948 ఫిబ్రవరి 24న మైసూరు సంస్థానంలోని మేల్కోటేలో పుట్టారు. తమిళ అయ్యంగార్ల కుటుంబం, తాతగారు మైసూరు ఆస్థానంలో వైద్యులు. తండ్రి జయరామ్ ఆమెకు రెండేళ్లప్పుడు పోయారు. తల్లి వేదవల్లి సంధ్య పేరుతో సినిమాల్లో వేషాలు వేసి ఇల్లు నడిపారు. జయలలిత బెంగళూరులో బిషప్ కాటన్‌లో, మద్రాసులో చర్చ్ పార్క్ కాన్వెంట్‌లో చదివారు, చదువులో చాలా చురుకు. కాలేజీకి వెళ్లాలనుకున్న అమ్మాయిని ఇంటి పరిస్థితి పదహారేళ్లకే మేకప్ గదికి పంపింది. 1965లో తమిళంలో వెన్నిర ఆడై, అదే ఏడాది ఎమ్జీఆర్‌తో ఆయిరత్తిల్ ఒరువన్, తెలుగులో అక్కినేనితో మనుషులు మమతలు. ఎమ్జీఆర్‌తో మొత్తం 28 సినిమాలు. సినిమాల్లోకి తల్లి మాట మీద, రాజకీయాల్లోకి ఎమ్జీఆర్ మాట మీద వచ్చానని, రెండూ తాను కోరుకున్నవి కావని ఆమె తర్వాత టీవీ ఇంటర్వ్యూలో చెప్పారు. ఆ ఇంటర్వ్యూ చూసినప్పుడు ఆమె మీద నాకు మొదటిసారి జాలి కలిగింది.

ద్రావిడ ఉద్యమం బ్రాహ్మణ ఆధిపత్యానికి వ్యతిరేకంగా పుట్టింది. పెరియార్, అన్నాదురై పేర్లు చెప్పుకునే పార్టీలో, మైసూరులో పుట్టిన బ్రాహ్మణ స్త్రీ, అదీ సినిమా నటి. ఎమ్జీఆర్ చుట్టూ ఉన్న సీనియర్లకు, ముఖ్యంగా ఆర్.ఎం. వీరప్పన్‌కు ఆమె రాక అస్సలు నచ్చలేదు. అయినా ఎమ్జీఆర్ ఆమెను మధ్యాహ్న భోజన పథకం ఉన్నత స్థాయి కమిటీలో వేశారు. 1983లో పార్టీ ప్రచార కార్యదర్శిని చేశారు. 1984లో రాజ్యసభకు పంపారు. ఆమెకు ఇంగ్లీషు, హిందీ, తమిళం, తెలుగు, కన్నడం వచ్చు. ఢిల్లీలో మాట్లాడగలిగే మనిషి ఆ పార్టీలో అప్పుడు కావాలి. ఇంత వరకు ఎమ్జీఆర్ దయే, అందులో సందేహం లేదు.

అసలు కథ మొదలైంది 1987 డిసెంబరు 24న. ఎమ్జీఆర్ పోయారు. శవాన్ని రాజాజీ హాల్లో ఉంచారు. జయలలిత తల దగ్గర నిలబడ్డారు. రెండు రోజులూ గంటల తరబడి అక్కడి నుంచి కదల్లేదు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు గిల్లారని, కాళ్లు తొక్కారని ఆమె చెప్పుకున్నారు. అంతిమ యాత్ర బండి ఎక్కబోతే ఎమ్జీఆర్ భార్య జానకి వర్గం వాళ్లు ఆమెను కిందికి నెట్టేశారు. ఆ దృశ్యాన్ని దేశమంతా చూసింది. నేను మద్రాసులో దిగేసరికి టీ కొట్టు దగ్గర కూడా అదే మాట. అక్కడ విన్నదాన్ని బట్టి చెబుతున్నాను, ఆ తోపులాట వరకు చాలామంది ఆమెను ఎమ్జీఆర్ ప్రాపకంతో వచ్చిన నటిగానే చూశారు. ఆ తర్వాతే, అన్యాయం జరిగిన ఆడమనిషి అని మాట్లాడటం మొదలుపెట్టారు.

జానకి ముఖ్యమంత్రి అయ్యారు. 24 రోజులే. అసెంబ్లీలో కొట్టుకున్నారు, రాష్ట్రపతి పాలన వచ్చింది. పార్టీ రెండు ముక్కలైంది, రెండాకుల గుర్తును ఎన్నికల సంఘం ఆపేసింది. 1989 జనవరి ఎన్నికల్లో జానకి వర్గానికి రెండు పావురాలు, జయలలిత వర్గానికి కోడిపుంజు. నేను మద్రాసులో కవర్ చేసిన మొదటి ఎన్నికలు అవే. డబ్బు, సీనియర్లు, ఎమ్జీఆర్ భార్య అన్న హోదా, అన్నీ జానకి వైపే ఉన్నాయి. జయలలిత రోజంతా వ్యాన్‌లో ఊరూరా తిరిగారు. ఫలితాల్లో ఆమె వర్గానికి 27 సీట్లు వచ్చాయి, జానకి వర్గం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది, జానకి రాజకీయాల నుంచి తప్పుకున్నారు. ఎమ్జీఆర్ పేరు ఒక్కటే పని చేసేటట్టయితే గెలవాల్సింది జానకి. మీ రెండో ప్రశ్నకు ఇంతకంటే గట్టి జవాబు నా దగ్గర లేదు.

ఆమె తమిళనాడు అసెంబ్లీలో తొలి మహిళా ప్రతిపక్ష నాయకురాలయ్యారు. 1989 మార్చి 25న బడ్జెట్ రోజున సభలో పెద్ద గొడవ జరిగింది. ఆమె జుట్టు చెదిరి, చీర చిరిగి బయటికి వచ్చారు. డీఎంకే మంత్రి ఒకరు తన చీర లాగారని ఆమె అన్నారు, డీఎంకే ఒప్పుకోలేదు. ముఖ్యమంత్రి కరుణానిధి మీద కూడా దాడి జరిగింది. ఎవరు ముందు చెయ్యి చేసుకున్నారన్నది ఇప్పటికీ వాదనే, నేను తీర్పు చెప్పను. కానీ దాని ఫలితం కళ్లారా చూశాను. మళ్లీ వస్తే ముఖ్యమంత్రిగానే ఈ సభలో అడుగు పెడతానని ఆమె శపథం చేశారు. ద్రౌపది కథ తెలియని ఇల్లు మన దేశంలో లేదు కదా. ఆ ఒక్క రోజుతో పల్లెటూరి ఆడవాళ్లలో ఆమెకు దొరికిన చోటును ఏ సినిమా పోస్టరూ ఇవ్వలేదు.

1991 మే 21న శ్రీపెరంబుదూరులో రాజీవ్ గాంధీ హత్య జరిగింది. అన్నాడీఎంకే, కాంగ్రెస్ కూటమికి 234లో 225 సీట్లు వచ్చాయి. జూన్ 24న ఆమె ముఖ్యమంత్రి. అప్పటికి వయసు 43. గెలుపులో రాజీవ్ మీది సానుభూతి వాటా చాలా పెద్దదని ఒప్పుకోవాలి. ఆమె మాత్రం ఆ మాట ఎప్పుడూ ఒప్పుకోలేదు.

ఇక్కడ ఒక విషయం జనం పెద్దగా పట్టించుకోరు. అధికారంలోకి రాగానే ఆమె చేసిన మొదటి పని తనలోని హీరోయిన్‌ను చెరిపేయడం. చీర మీద భుజాల నుంచి కిందికి వేలాడే పొడవాటి అంగీ లాంటిది వేసుకునేవారు. పాత సినిమాల ఊసు ఎత్తనిచ్చేవారు కాదు. సభల్లో నృత్యం, నటన, పాత రోజులు అన్న మాటే ఉండేది కాదు. "పురట్చి తలైవి", అంటే విప్లవ నాయకి, తర్వాత "అమ్మ". పెళ్లి కాని, పిల్లలు లేని, ఒకప్పుడు గ్లామర్ తారగా పేరున్న స్త్రీ తల్లి పేరు సంపాదించుకుంది. తమిళనాట ఆడమనిషి ఒంటరిగా రాజకీయాల్లో ఉంటే ఎన్ని మాటలంటారో నేను విన్నాను, డీఎంకే వేదికల మీద ఆమె గురించి మాట్లాడిన మాటలు ఇక్కడ రాయలేను. వాటన్నిటికీ ఆమె వెతుక్కున్న కవచం ఆ "అమ్మ" అన్న పిలుపు. సినిమా ఆమెను గెలిపించిందని అనేవాళ్లు ఈ సంగతి చూడరు.

ఆ మొదటి విడతలో మంచి పనులు జరిగాయి. 1992లో ఊయల శిశు పథకం వచ్చింది. సేలం వైపు ఆడపిల్ల పుడితే వడ్లగింజో జిల్లేడు పాలో వేసి చంపేసే రోజులు, బిడ్డ వద్దనుకుంటే ప్రభుత్వ ఊయలలో వదిలి వెళ్లండి, చంపకండి అని చెప్పడం చిన్న విషయం కాదు. అదే ఏడాది మద్రాసులో మహిళా పోలీస్ స్టేషన్ పెట్టారు, తర్వాత రాష్ట్రమంతా వచ్చాయి. మా ఇంట్లో అంట్లు తోమే ఆవిడ మొగుడు కొడుతున్నాడని చెప్పడానికి ఆ స్టేషన్‌కు వెళ్లి వచ్చింది. కేసు ఏమైందని అడిగితే అది చెప్పలేదు. "కూర్చోమని కుర్చీ వేశారు సార్" అంది. ఇంకా, సుప్రీంకోర్టు రిజర్వేషన్లకు 50 శాతం హద్దు పెట్టాక తమిళనాడులోని 69 శాతాన్ని కాపాడటానికి చట్టం చేయించి, 1994లో రాజ్యాంగ సవరణతో తొమ్మిదో షెడ్యూల్‌లో పెట్టించింది ఆమే. అయ్యంగార్ల అమ్మాయి అని వెక్కిరించినవాళ్లకు అది ఆమె జవాబు.

అదే అయిదేళ్లలో దోపిడీ కూడా జరిగింది. నెలకు ఒక్క రూపాయి జీతం తీసుకుంటానన్న ముఖ్యమంత్రి. 1995 సెప్టెంబరులో దత్తపుత్రుడు సుధాకరన్ పెళ్లి. ఆ రోజు నేను మద్రాసు రోడ్ల మీద ఉన్నాను. రోడ్డంతా తోరణాలు, కరెంటు దీపాలు, కటౌట్లు, స్నేహితురాలు శశికళతో కలిసి ఒంటి నిండా నగలతో ఆమె ఊరేగింపులో నడవడం. ఆ ఫొటోను తమిళనాడు మర్చిపోలేదు. 1996లో పార్టీకి నాలుగు సీట్లు మిగిలాయి. మీ జిల్లాలోని బర్గూరులో ఆమే స్వయంగా ఓడిపోయారు. డిసెంబరులో అరెస్టు, 28 రోజులు జైలు. ఇంట్లో సోదాలు చేస్తే 10,500 చీరలు, 750 జతల చెప్పులు దొరికాయని టీవీల్లో చూపించారు. అందరూ చెప్పుల లెక్కే మాట్లాడుకున్నారు. చెప్పుల కంటే ముఖ్యమైనది కేసులోని అంకె. ఆదాయానికి మించి 66.65 కోట్ల రూపాయల ఆస్తులు కూడబెట్టారన్నది అభియోగం. ఆమె జీవితాన్ని చివరి దాకా వెంటాడింది ఆ కేసే.

ఆ ఓటమి తర్వాత చాలా ఏళ్లు ఆమె నగలు పెట్టుకోలేదు. కానీ తగ్గలేదు కూడా. 1998లో వాజ్‌పేయి ప్రభుత్వానికి మద్దతిచ్చి, 1999 ఏప్రిల్‌లో ఉపసంహరించుకున్నారు. ఏప్రిల్ 17న ఒక్క ఓటు తేడాతో కేంద్ర ప్రభుత్వం పడిపోయింది. జైలు నుంచి వచ్చి రెండున్నరేళ్లు కూడా కాని మనిషి ఢిల్లీ గద్దెను కదిపారు. 2000లో ఒక హోటల్ కేసులో ఆమెకు శిక్ష పడితే పార్టీ వాళ్లు ధర్మపురి దగ్గర బస్సు తగలబెట్టారు, అందులో ముగ్గురు వ్యవసాయ కాలేజీ అమ్మాయిలు కాలిపోయారు. ఆ రోజు రాసిన వార్త నా వృత్తిలో నేను రాసిన అన్నిటికంటే కష్టమైనది. ఆమె చేయించారని ఎవరూ అనలేదు, నేనూ అనను. కానీ నాయకురాలికి శిక్ష పడితే ఊరు తగలబెట్టొచ్చు అనుకునే పార్టీని ఎవరు తయారు చేశారు? ఈ ప్రశ్న ఆమె అభిమానులు ఎవరైనా తమను తాము వేసుకోవాలి.

2001లో నాలుగు చోట్ల నామినేషన్లు తిరస్కరించారు, పోటీ చేయకుండానే పార్టీని గెలిపించి ముఖ్యమంత్రి అయ్యారు. జూన్ 30 అర్ధరాత్రి దాటాక 77 ఏళ్ల కరుణానిధిని ఇంట్లోంచి ఈడ్చుకెళ్లడం సన్ టీవీలో వచ్చింది. 1989 అసెంబ్లీ రోజు బాకీ తీర్చుకున్నారని ఆ రాత్రి మద్రాసులో అనుకోని వాళ్లు లేరు. సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆమె నియామకం చెల్లదంది, తన పార్టీ మనిషి పన్నీర్‌సెల్వంను ఆ కుర్చీలో కూర్చోబెట్టి కేసుల్లో బయటపడి 2002 మార్చిలో మళ్లీ వచ్చారు.

ఇప్పుడు మీ నాన్నగారి సంగతి. 2003 జూలైలో ఉద్యోగులు, టీచర్లు పెన్షన్ లాంటి సౌకర్యాలు తగ్గించడం మీద సమ్మెకు దిగారు. ఆమె ఎస్మా లాంటి రాష్ట్ర చట్టం కింద దాదాపు 1,70,000 మందిని ఒక్కసారిగా ఉద్యోగాల్లోంచి తీసేశారు. రాత్రికి రాత్రి. నాకు తెలిసిన టీచర్ల కుటుంబాలు ఆ వారం ఎలా గడిపాయో చూశాను. ఇంట్లో పొయ్యి వెలిగించాలన్నా భయం, బ్యాంకు అప్పు కట్టాలన్న టెన్షన్, పిల్లల ఫీజులు. సుప్రీంకోర్టు దాకా వెళ్లాక చాలామందిని తిరిగి తీసుకున్నారు, కానీ ఆ అవమానం పోలేదు. మీ నాన్నగారు ఆ జాబితాలో ఉండి ఉంటే, ఆయన్ను ఒకసారి కూర్చోబెట్టి ఆ నెల గురించి అడగండి. 2004 లోక్‌సభ ఎన్నికల్లో తమిళనాడు, పుదుచ్చేరి కలిపి 40కి 40 సీట్లూ ఆమె కూటమి పోగొట్టుకుంది. ఆ ఓటమిలో ఆ ఉద్యోగుల ఇళ్ల ఓట్లు ఎక్కువే.

పత్రికల వాడిగా నాకు సొంత బాధ ఇంకోటుంది. 2003 నవంబరులో ది హిందూ సంపాదకులకు, డీఎంకే పత్రిక మురసొలి సంపాదకుడికి సభా హక్కుల పేరుతో అసెంబ్లీ 15 రోజుల జైలు శిక్ష వేసింది. పోలీసులు పత్రికాఫీసుకు వెళ్లారు. సుప్రీంకోర్టు ఆపింది. 2011 తర్వాత అయితే పరువు నష్టం కేసులే ఆయుధం, అయిదేళ్లలో 200కు పైగా. ఆమె ఆరోగ్యం బాగోలేదని రాసినా కేసే. మా ఆఫీసులో ఆమె మీద వార్త రాసే ముందు ప్రతి మాటా రెండుసార్లు చూసుకునేవాళ్లం. భయంతో రాసిన వార్తలో నిజం సగమే ఉంటుంది. పాఠకులకు ఆ సగం కూడా సరిగ్గా చేరలేదని ఇప్పటికీ నాకు బాధగా ఉంటుంది.

ఆ మొండితనమే కొన్ని చోట్ల పనికొచ్చింది. 2003లో ప్రతి ఇంటికీ వాన నీటి ఇంకుడు ఏర్పాటు తప్పనిసరి చేశారు. గడువు పెట్టి, చేయకపోతే నీటి కనెక్షన్ కట్ చేస్తామన్నారు. జనం తిట్టుకున్నారు, మా ఇంటి ఓనరూ తిట్టుకున్నాడు. రెండు వానాకాలాల తర్వాత మా వీధి బావుల్లో నీళ్లు పైకొచ్చాయి. 2004 అక్టోబరులో గంధపు చెక్కల స్మగ్లర్ వీరప్పన్ కథ ముగిసింది. 2004 దీపావళి రాత్రి కంచి శంకరాచార్య జయేంద్ర సరస్వతిని ఒక హత్య కేసులో మన మహబూబ్‌నగర్‌లో అరెస్టు చేశారు. తెలుగువాళ్లు ఆ వార్త విని నివ్వెరపోయారు, 2013లో కోర్టు ఆయన్ను నిర్దోషిగా వదిలేసింది. ఎవరి మీదికి వెళ్లాలన్నా వెనకాడని మనిషి, అది ఒక్కోసారి న్యాయం, ఒక్కోసారి కక్ష. ఏది ఏదో తేల్చుకోవడానికి అప్పట్లో మాకే కష్టమయ్యేది.

2011లో మళ్లీ గెలిచారు. మీ అమ్మమ్మ గుర్తు పెట్టుకున్న అమ్మ ఈ విడత అమ్మ. రేషన్‌లో 20 కిలోల బియ్యం ఉచితం, మిక్సీ, గ్రైండరు, ఫ్యాను, పిల్లలకు ల్యాప్‌టాప్, పెళ్లికి తాళిబొట్టు బంగారం. 2013లో చెన్నైలో అమ్మ క్యాంటీన్లు. ఇడ్లీ రూపాయి, సాంబారన్నం అయిదు, పెరుగన్నం మూడు. నేను చాలా రోజులు మధ్యాహ్నం అక్కడే తిన్నాను. పక్కన ఆటో డ్రైవరు, ఎదురుగా భవన నిర్మాణ కూలీ, మూలన ఉద్యోగం వెతుక్కుంటూ ఊరి నుంచి వచ్చిన కుర్రాడు. స్వయం సహాయక సంఘాల ఆడవాళ్లు వండి వడ్డించేవాళ్లు, నేల శుభ్రంగా ఉండేది. 2015 డిసెంబరు వరదల్లో ఆ క్యాంటీన్లు ఎంతమంది ఆకలి తీర్చాయో అక్కడున్న మాకు తెలుసు. 2018లో ఆంధ్రప్రదేశ్‌లో అయిదు రూపాయల అన్న క్యాంటీన్లు వచ్చాయి. అప్పటికే ఆమె ఈ పని చేసి చూపించి అయిదేళ్లయింది. ఓట్ల కోసం పంచారని అంటారు, నిజమే. అయినా అది నిజమైన అన్నం. ఈ రెండో మాట కడుపు నిండినవాళ్లు తేలిగ్గా మర్చిపోతారు.

అయితే అన్నిటి మీదా ఆమె బొమ్మ. నీళ్ల బాటిల్, ఉప్పు, సిమెంటు, మందుల షాపు, అన్నీ అమ్మ పేరే. మంత్రులు ఆమె హెలికాప్టర్ ఆకాశంలో కనబడితే కింద నుంచి దండం పెట్టేవాళ్లు. అరవై ఏళ్లు దాటినవాళ్లు నడిబజారులో ఆమె కాళ్ల మీద సాష్టాంగ పడేవాళ్లు. ఒకప్పుడు తనను బండి మీంచి నెట్టిన రకం మనుషులు తన కాళ్ల దగ్గర ఉండాలి అన్న పట్టుదల ఆమెది అని నాకనిపించేది. 1995 ఆగస్టులో ఎన్టీఆర్‌ను ఆయన పెట్టిన పార్టీలోంచే ఆయన మనుషులు దించేశారు, హోటల్లో ఎమ్మెల్యేలను కూర్చోబెట్టి. అలాంటిది తన పార్టీలో జరిగే అవకాశం ఆమె బతికుండగా ఒక్కరోజు కూడా ఇవ్వలేదు. మంత్రులను ఎప్పుడు తీసేస్తారో వాళ్లకే తెలియదు. రెండో వరస నాయకుడు ఎదగనే లేదు.

2014 సెప్టెంబరు 27న బెంగళూరు ప్రత్యేక కోర్టు న్యాయమూర్తి జాన్ మైకేల్ కున్హా ఆమెకు నాలుగేళ్ల జైలు, 100 కోట్ల జరిమానా వేశారు. పదవిలో ఉన్న ముఖ్యమంత్రికి అవినీతి కేసులో శిక్ష పడి పదవి పోవడం దేశంలో అదే మొదలు. పన్నీర్‌సెల్వం, మంత్రులు ఏడుస్తూ ప్రమాణం చేశారు. 2015 మే 11న కర్ణాటక హైకోర్టు నిర్దోషి అంది, అదనపు ఆస్తి 8.12 శాతమే అని లెక్క కట్టింది. కానీ ఆ తీర్పులో అప్పుల కూడిక తప్పింది, 10.67 కోట్లు రావాల్సిన చోట 24.17 కోట్లని వేశారు. పేపర్లు పెన్సిల్ పట్టుకుని ఆ లెక్క వేసి చూపించాయి. 2017 ఫిబ్రవరి 14న సుప్రీంకోర్టు ఆ హైకోర్టు తీర్పును కొట్టేసి కున్హా తీర్పును నిలబెట్టింది, శశికళ జైలుకు వెళ్లారు. జయలలిత అప్పటికే లేరు కాబట్టి ఆమెకు సంబంధించినంత వరకు అప్పీలు ముగిసిపోయింది. ఆమె నిర్దోషిగా తేలారు అని ఇప్పటికీ కొందరు రాస్తుంటారు, అది తప్పు.

2016 సెప్టెంబరు 22న అపోలోలో చేరారు. 75 రోజులు. ఒక్క ఫొటో బయటికి రాలేదు. ఉప ఎన్నికల అభ్యర్థుల పత్రం మీద సంతకం బదులు వేలిముద్ర కనిపించింది, అంతే. డిసెంబరు 5 రాత్రి పోయారు. శవాన్ని రాజాజీ హాల్‌కే తెచ్చారు. తల దగ్గర ఈసారి శశికళ నిలబడ్డారు. రెండు నెలలు తిరిగేసరికి పార్టీ చీలింది, ఎమ్మెల్యేలను కూవత్తూరు రిసార్టులో పెట్టారు. ఎదగనివ్వని పార్టీలో ఎదిగిన నాయకుడు ఎవరూ లేరు కాబట్టి ఎవరికి వాళ్లు వారసులమన్నారు.

ఎందుకు ఏడ్చారని అడిగారు. డిసెంబరు 6 ఉదయం నేను మౌంట్ రోడ్డు మీద నిలబడి ఉన్నాను. డబ్బులిచ్చి తెచ్చిన గుంపులు నాకు తెలుసు, ముప్పై ఏళ్లు చూశాను. ఆ రోజు వచ్చినవాళ్లలో ఎక్కువమంది అలాంటివాళ్లు కాదు. నడివయసు ఆడవాళ్లు, ఒక్కొక్కరే, చేతిలో సంచితో. మా ఇంట్లో పనిచేసే ఆవిడ కూడా చెప్పకుండా వెళ్లింది. మర్నాడు వచ్చాక, ఆ కేసుల గురించి నీకు తెలుసు కదా అన్నాను. తెలుసంది. "ఎత్తుకున్నది ఎత్తుకుంది సార్. మిగతా వాళ్లూ ఎత్తుకున్నారు, వాళ్లు మాకు కుర్చీ వేయలేదు" అంది. నేను మాట మార్చేశాను. ఆమె లెక్క నేను ఒప్పుకోను, 66 కోట్లు ఎవరి డబ్బో ఆమెకూ తెలుసు. కానీ ఆ కుర్చీ సంగతి చెప్పకుండా జయలలిత గురించి ఎవరు ఏం రాసినా మీ అమ్మమ్మ చదివి పక్కన పెట్టేస్తుంది.